నరునికీ మృగమునకూ నడుమ కంచె

హైదరాబాదునకు పడమటి దిక్కున మాధాపూర్, గచ్చిబౌలి వైపు పోవువానికి నేడు ముందుగా కంటికి ఆనునవి అద్దాల మేడలు. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి చేతులమీదుగా ఇచట సైబర్ టవర్స్ భవనము ప్రారంభమయ్యెను. హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేర్లు జనుల నోట నిలిచినది ఆ కాలముననే. అంతకుముందు ఇది గుండ్లు, తుప్పలు, సీతాఫలపు చెట్లు, మేకలమందలు గల నేల. ఆ గుండ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. మేడల వయస్సు ముప్పది సంవత్సరముల లోపు.

ఈ మేడల పై అంతస్తులలో, సజ్జల క్రింద, కొండతేనెటీగలు పట్లు పెట్టుచుండును. ఒక్కొక్క పట్టు మూడడుగుల వెడల్పు వరకు పెరుగుట కలదు. కొండచరియలను, మహావృక్షముల కొమ్మలను వెదకుకొను ఈ ఈగకు ఇరువది అంతస్తుల మేడ కూడ ఒక కొండచరియయే. లోపల బల్లముందు కూర్చున్న మనిషి, వెలుపల పట్టుపై ముసిరిన ఈగలు, నడుమ ఒక అద్దము. లోపలివాడు తాను వెలుపలి ప్రాణితో ఏ విధమైన చుట్టరికమును లేనివాడనని తలచుట సహజము. ఆ తలపు ఎంతవరకు నిజము?

జవాబు సులభమని తోచును. మేడ కట్టినది మనిషి. మాటాడువాడు, లెక్క వేయువాడు, పనిముట్టు చేయువాడు మనిషి. కాని ఈ ప్రశ్నకు ఒక చరిత్ర కలదు. గడచిన మూడువందల ఏండ్లుగా పండితులు ఒక్కొక్క గుణమును చూపి, “ఇది మనిషికి మాత్రమే కలదు” అని కంచె వేయుట, పిమ్మట వేరొకరు వచ్చి ఆ గుణము కంచెకు ఆవల కూడ ఉన్నదని చూపుట జరుగుచు వచ్చినది. ఆ చరిత్రలో కొంత కర్నూలు గుహలలో నడచినది. కొంత గచ్చిబౌలిలోనే నడచినది.

స్వీడను దేశస్థుడైన కార్ల్ లిన్నేయస్ 1735లో ప్రకటించిన ప్రకృతి వర్గీకరణములో మనిషిని కోతులతోను, స్లాత్ అను మందగమనపు జంతువుతోను ఒకే వర్గమున చేర్చెను. 1758 నాటి పదవ ముద్రణలో ఆ వర్గమునకు ప్రైమేట్లు అని పేరు పెట్టి, మనిషిని హోమో సేపియన్స్ అని వ్యవహరించెను. ఆనాడు గబ్బిలము కూడ ఆ వర్గముననే ఉండెను. దానిని తరువాతివారు తొలగించిరి గాని మనిషిని తొలగించలేకపోయిరి. లిన్నేయస్ పరిణామవాది కాడు. జీవజాతులన్నియు సృష్టికర్త చేతినుండి వచ్చినట్లే ఉన్నవని నమ్మినవాడు. అయినను దంతములు, అవయవములు చూచి జంతువులను వేరుచేయు తన పద్ధతిలో మనిషిని ఎడముగా నిలుపుటకు ఆయనకు తగిన శరీరలక్షణము దొరకలేదు.

ఆ లక్షణము దొరికినదని 1857లో లండనులో రిచర్డ్ ఓవెన్ ప్రకటించెను. ఓవెన్ సామాన్యుడు కాడు. డైనోసారు అను పేరును పుట్టించిన మహాపండితుడు. మనిషి మెదడు వెనుకభాగములో “హిప్పోకాంపస్ మైనర్” అను చిన్న ఉబ్బు ఉన్నదనియు, అది నరవానరములకు లేదనియు, కావున మనిషిని జంతువర్గములలో ప్రత్యేకమైన ఉపవర్గమున ఉంచవలెననియు ఆయన వాదించెను. థామస్ హెన్రీ హక్స్లీ దీనిని అంగీకరింపలేదు. ఆయనయు, ఆయన మిత్రులును కోతుల మెదళ్లను కోసి చూచిరి. ఉబ్బు ఉన్నది. 1862లో కేంబ్రిడ్జిలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో విలియం ఫ్లవర్ కోతి మెదడును అందరియెదుట కోసి దానిని చూపెను. మరుసటి సంవత్సరము హక్స్లీ ప్రకృతిలో మానవుని స్థానమును గూర్చి వ్రాసిన గ్రంథము వెలువడెను. చింపాంజీకిని మనిషికిని గల భేదము కంటె, చింపాంజీకిని చిన్నజాతి కోతులకును గల భేదమే ఎక్కువ యని అందులోని ప్రధానవాదము. వేలెడంత లేని ఒక మెదడు ఉబ్బుపై మానవజాతి గౌరవమునంతటిని నిలుపబోవుట ఓవెన్ చేసిన పొరపాటు. ఇట్టి పొరపాటు ఆయనతోనే ఆగలేదు.

శరీరములో కంచె దొరకలేదు. ఇక మిగిలినది చేతిపని. ప్రాచీన మానవుని ఎముకలు, పనిముట్లు భూమిలో వెదకవలసి వచ్చినది. ఈ వెదకులాట మన దేశమునకు వచ్చిన విధము తెలుగువారు తెలిసికొనదగినది.

నేటి నంద్యాల జిల్లాలో బేతంచెర్లకు సమీపమున సున్నపురాతి కొండలలో బిల్లసర్గం అను గుహలు కలవు. 1844లో కాప్టెన్ న్యూబోల్డ్ అను సైన్యాధికారి ఇచట పాత ఎముకలు లభించుచున్నవని వ్రాసెను. ఆ మాట నలుబది ఏండ్లు మూలబడి యుండెను. పిమ్మట ఉష్ణదేశపు గుహలలో మానవుని పూర్వరూపముల అవశేషములు దొరకవచ్చునని తలచిన హక్స్లీ అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఈ గుహలను త్రవ్వింపుమని సూచించెను. ఆ పని భూగర్భశాఖలోని రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు అప్పగింపబడెను. 1863లో మద్రాసు దగ్గర పల్లావరమున రాతిగొడ్డలిని గుర్తించి, భారతదేశపు పాతరాతియుగమును మొదటిసారి వెలుగునకు తెచ్చినవాడు ఈ ఫుట్. 1883 మొదలు 1885 వరకు ఆయనయు, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్‌ను బిల్లసర్గం గుహలలోని మట్టిని పొరలుపొరలుగా త్రవ్వించిరి.

హక్స్లీ కోరిన నరవానరపు పుర్రె దొరకలేదు. దొరికినవి వేరు. జంతువుల ఎముకలను రిచర్డ్ లైడెక్కర్ పరీక్షించి 1886లో ప్రకటించెను. వానిలో ఖడ్గమృగపు ఎముకలు కలవు; ఆ జాతికి ఆయన కర్నూలు పేరే పెట్టెను. ఆఫ్రికాలో నేడు కనబడు మచ్చల హైనా వంటి మృగపు ఎముకలు, కోతుల ఎముకలు కూడ కలవు. నేడు ఆంధ్రదేశమున ఖడ్గమృగము లేదు. వీనితోపాటు ఫుట్ ఎముకతో చేసిన పనిముట్లను గుర్తించెను: మొన తీర్చినవి, ఉలివలె నరికినవి, చెక్కినవి. ఫ్రాన్సు దేశపు గుహలలో దొరకిన ఎముక పనిముట్లతో ఆయన వీనిని పోల్చెను.

ఇచట ఒక చిక్కు కలదు. ఏదుపంది ఎముకను కొరుకును. హైనా ఎముకను నమలి చీల్చును. అట్లు చీలిన ముక్క మొనతేలియుండవచ్చును. గుహలో దొరకిన ముక్కను చేతబట్టి, ఇది పంటి పనియా, చేతి పనియా యని తేల్చుట అంత సులభము కాదు. గీతల దిశ, అరుగుదల, ఒకే ఆకారము మరల మరల కనబడుట, ఇట్టివే ఆధారములు. మనిషికిని మృగమునకును గల భేదము గ్రంథములలో ఎంత స్పష్టముగ కనబడినను, గుహలోని మట్టిలో అది ఒక ఎముకపై గీత చదువుటగా మారును. అందువలననే ఫుట్ పనిముట్లపై చాల కాలము సందేహములు నడచినవి. 1970 దశకమున, పిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసిన ఎం. ఎల్. కె. మూర్తి, ఆయన సహచరులు ఆ ప్రాంతముననే ముచ్చట్ల చింతమాను గవి అను గుహను త్రవ్విరి. ఎముక పనిముట్లతోపాటు ఒక పొయ్యి బయల్పడెను. అందులో కాలిన మట్టి వయస్సు సుమారు 17,000 సంవత్సరములని తేలెను. పంటి గాటు విషయమున తగవు పడవచ్చును. పొయ్యి విషయమున తగవు లేదు. నిప్పును రాజేసి, కాపాడి, దానిపై వండుకొను జంతువు మనిషి తప్ప మరియొకటి ఇంతవరకు కనబడలేదు. కూలని కంచెలలో ఇది యొకటి.

పనిముట్టు విషయమో, వేరు. 1949లో కెన్నెత్ ఓక్లీ వ్రాసిన పుస్తకమునకు పేరే “పనిముట్లు చేయు మనిషి”. పనిముట్టును వాడుట కాదు, కావలసిన రూపమునకు తీర్చుటయే మనిషి గుర్తు అని నాటి పండితుల మతము. పదునొకండేండ్లు గడచినవి. 1960లో టాంగన్యికా దేశపు గోంబే అడవిలో జేన్ గుడాల్ అను యువతి ఒక చింపాంజీని చూచెను. అది చెదపుట్ట ముందు కూర్చుండి, రెమ్మను త్రుంచి, ఆకులు దూసి, ఆ పుల్లను పుట్ట రంధ్రమున దూర్చి, పట్టుకొనిన చెదలతోసహా వెలికిదీసి తినుచుండెను. ఆకులు దూయుటయే ముఖ్యము. అనగా అది పుల్లను తీర్చినది. ఈ వార్త విని ఆమె గురువు లూయీ లీకీ, ఇక మనిషికైనను, పనిముట్టుకైనను నిర్వచనము మార్చవలెను, లేదా చింపాంజీని మనిషిగా ఒప్పుకొనవలెను అను అర్థము వచ్చునట్లు వ్రాసెను. 2016లో బ్రెజిల్ దేశపు కాపుచిన్ కోతుల విషయము బయటికి వచ్చెను. అవి రాతిని రాతితో కొట్టగా రాలు పదునైన పెచ్చులు ఆదిమానవుని పెచ్చులను పోలియున్నవి. కోతికి ఆ పెచ్చుతో పనిలేదు. దానిని వదలి పోవును. అయినను భూమిలో పెచ్చు దొరకగానే “ఇచట మనిషి నివసించెను” అని వ్రాసికొను అలవాటునకు ఇది గట్టి హెచ్చరిక.

“మనిషి” అను మాటయే అంత సూటి యైనది కాదని చూపిన స్థలము కూడ నంద్యాల జిల్లాలోనే కలదు. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద జుర్రేరు లోయలోని జ్వాలాపురము వరకు వచ్చి పడెను. రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మున్నగువారు అచట త్రవ్వి, బూడిదపొర క్రిందను, పైనను ఒకే తీరు రాతిపనిముట్లు ఉన్నవని 2007లో ప్రకటించిరి. వానిని చేసినవారు మనజాతివారేనని త్రవ్వినవారు తలచిరి. కాదు, అంతకు పూర్వపు వేరొక మానవజాతి కావచ్చునని ఇతరులు తలచిరి. అచట ఎముకలు దొరకలేదు గనుక తగవు తీరలేదు. ఆ కాలమున భూమిపై మానవజాతులు ఒకటికంటె ఎక్కువ ఉండెను. యూరపులో నియాండర్తాలులు జీవించుచుండిరి. 2010లో వారి జీనోము చదువబడగా, ఆఫ్రికాకు వెలుపలి జనుల రక్తమున, అందు తెలుగువారి రక్తమున కూడ, వారి అంశ కొద్దిగా కలదని తెలిసెను. మనజాతి ఒంటరిగా ఎన్నిక చేయబడినది కాదు. దాయాదులందరు పోగా మిగిలినది.

చేతిపని పోయినను మాట యున్నదని చెప్పువారు కలరు. మన బడులలో తరతరములుగా చదివిన చిన్నయసూరి నీతిచంద్రికలో కాకి, ఎలుక, పావురము చక్కని గ్రాంథికమున సంభాషించును. అది కథయని చదువుకొనిన బాలునికి తెలియును. నిజముగా జంతువులకు భాష కలదా? 1960లో చార్లెస్ హాకెట్ అను అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు మానవభాషకు గల లక్షణములను పదమూడింటిని ఎంచి చూపెను. వానిలో ఒకటి కంటియెదుట లేని వస్తువును గూర్చి చెప్పగలుగుట. ఆ లక్షణము ఎవరికి కలదో చూడుడు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఆస్ట్రియాలో తేనెటీగల నాట్యమును అర్థము చేసికొనెను; అందుకు 1973లో నోబెల్ బహుమానము వచ్చెను. తేనెగల పూవు ఏ దిక్కున, ఎంత దూరమున ఉన్నదో నాట్యము తెలుపును. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ సింహళమునకు వచ్చి ఈ దేశములలోని ఈగలను పరీక్షించెను. హైటెక్ సిటీ సజ్జల క్రింద వ్రేలాడు కొండతేనెటీగ కూడ, చీకటి తొట్టిలో గాక బహిరంగముగా పట్టుమీదనే ఆడి, కంటికి కనబడని పూదోటను గూర్చి తోటివారికి తెలుపును. ఆఫ్రికాలోని వెర్వెట్ కోతులు చిరుతపులికి ఒక కేక, గ్రద్దకు ఒక కేక, పామునకు ఒక కేక వేయునని 1980లో నిరూపింపబడెను.

అయినను ఇది భాష కాదు. తేనెటీగ నిన్నటి పూవును గూర్చి నేడు విచారింపదు. “ఆ పూవు లేకున్నయెడల” అనదు. అబద్ధపు కథ అల్లదు. కొద్దిపాటి ధ్వనులతో లెక్కలేనన్ని మాటలను, ఆ మాటలతో ఎన్నడును ఎవరును పలుకని వాక్యములను కూర్చు శక్తి మనిషియందే కనబడుచున్నది. తెలుగు ధాతువులపై 1961లో మహాగ్రంథము ప్రకటించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1986 నుండి 1993 వరకు గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. ఒక్క ధాతువునుండి తెలుగువాడు ఎన్ని రూపములు పుట్టించునో ఆ గ్రంథము చూచినవారికి ఏ కోతి కేకకును మన మాటకును గల దూరము తెలియును. విచిత్రమేమనగా, ఆ విశ్వవిద్యాలయమునకు కూతవేటు దూరమున 1998లో నెలకొన్న సమాచార సాంకేతిక విద్యాసంస్థలో యంత్రములచే భారతీయ భాషలను అనువదింపజేయు కృషి ఏండ్ల తరబడి సాగినది. నేడు యంత్రము తెలుగు వాక్యము కూర్చుచున్నది. ఆకలి లేనిది, బిడ్డ లేనిది, చావు లేనిది వాక్యము కూర్చినపుడు, ఆ యంత్రము మనకు దగ్గరిదా, ఆకలిగొని అరచు కోతి దగ్గరిదా? భాషయే కంచె యనుకొనువారు దీనికి జవాబు చెప్పవలసియుండును.

2005లో చింపాంజీ జీనోము వెలువడెను. రెండు జాతుల జీనోములను ఎదురెదురుగ పేర్చి చూడగా, అక్షరమునకు అక్షరము మారిన చోటులు నూటికి 1.23 మాత్రమే. చేర్పులు, లోపములు కూడ లెక్కించిన భేదము ఇంకను పెరుగును. ఈ 1.23 అను అంకెను పట్టుకొని మనిషి చింపాంజీయే యనుటయు తప్పు. జీనోము చాల పెద్దది, మారిన అక్షరములు సుమారు మూడున్నర కోట్లు. అంకె చిన్నదిగా కనబడుట చేత విషయము చిన్నది కాదు.

ఇక మిగిలినదేమి? 2007లో జర్మనీ దేశపు పరిశోధకులు ఎస్తేర్ హెర్మన్, మైకేల్ టొమసెల్లో మున్నగువారు రెండున్నర ఏండ్ల బిడ్డలను 105 మందిని, చింపాంజీలను 106, ఒరంగుటాన్‌లను 32 తీసికొని ఒకే పరీక్షలు పెట్టిరి. దాచిన వస్తువును వెదకుట, ఎక్కువ తక్కువలు పోల్చుట వంటి పనులలో బిడ్డలు చింపాంజీలకంటె మిన్నకాలేదు. ఇతరుని చూచి నేర్చుకొనుటలో మాత్రము బిడ్డలు చాల ముందుండిరి. ఉపాధ్యాయులు ఇది గమనింపదగినది. మనిషి బుద్ధి ఒక్కని తలలో ఉన్న దానికంటె, ఒకనినుండి మరియొకనికి పోవుటలో ఎక్కువగా నున్నది. మాధాపూర్‌లో పనిచేయు ఇంజనీరును తెచ్చి కర్నూలు కొండలలో ఒంటరిగ విడిచినయెడల, ముచ్చట్ల గవిలోని వారు చేసిన ఎముక సూదిమొనను ఆతడు చేయజాలడు. నిప్పు రాజేయుట కూడ అనుమానమే. ఆతనికి మేడ నిచ్చినది ఆతని మెదడు కాదు. వేల తరములవారు నేర్చి, నేర్పి, కూడబెట్టినది. విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఆచార్య కె. పి. రావు ఇనుపయుగపు సమాధులను త్రవ్వి ఇనుప వస్తువులను వెలికిదీసెను. ఇనుము కరగించిన వారికిని అద్దాల మేడలకును నడుమ తీగ ఎచటను తెగలేదు.

ఈ కంచె కూడ కదలుచున్నది. ఒంటరిగా విప్పలేని రెండు మెట్ల చిక్కును తుమ్మెదజాతి ఈగ ఒకటి, శిక్షణ పొందిన తోటి ఈగను చూచి విప్పగలిగెనని 2024లో ప్రకటింపబడెను. చింపాంజీల విషయమున అట్టి ఫలితమే ఆ సంవత్సరము వెలువడెను. కాని ఈగ రెండు మెట్లతో ఆగినది. మనిషి ఆగలేదు. భేదము ఉన్నది, పెద్దదిగనే యున్నది. అది గోడవలె గాక ఏటవాలుగా నున్నది. ఇంతకు మించి చెప్పుటకు నేటి శాస్త్రమున ఆధారము లేదు.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాక్సిన్ టీకాను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ 20 రీసస్ కోతులపై పరీక్షించెను. అయిదేసి కోతుల గుంపులు నాలుగు. మూడు గుంపులకు టీకా, ఒక గుంపునకు ఉత్తుత్తి మందు. పిమ్మట అన్నిటికిని వైరస్ ఎక్కించిరి. టీకా పొందిన కోతులకు రక్షణ కలిగెను. కోతి శరీరము మన శరీరమును పోలియున్నది గనుకనే ఆ పరీక్షకు విలువ కలిగినది. కోతి మనము కాదు గనుకనే ఆ పరీక్షకు అనుమతి దొరకినది. ఈ రెండు మాటలును ఒకే కాగితముపై వ్రాసికొని, రెండును పూర్తిగా నిజమని ఎవరును నిబ్బరముగ చెప్పలేరు. కోట్ల ప్రాణములు ఆ టీకాతో ముడివడియున్నవి. కావున పరీక్ష వలదనుట సులభము కాదు. ఇరువది కోతులను లెక్కలోనికి తీసికొననక్కరలేదనుటయు సులభము కాకూడదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము పరీక్షలను నిషేధింపక, అనవసరమైన బాధ కలుగకుండ చూచుటకు ఒక సంఘమును ఏర్పరచుమనెను. జంతువులకు బదులుగా కణజాలములపై, ఇతర మార్గములపై పరీక్షించుటకు 2023లో మందుల నిబంధనలు సవరింపబడెను.

గచ్చిబౌలిలో ఈ ప్రశ్న 2025లో నేలమీదకు వచ్చెను. విశ్వవిద్యాలయమును ఆనుకొని కంచ గచ్చిబౌలి యను 400 ఎకరముల భూమి కలదు. తెలంగాణలో కంచ యనగా పశువుల మేతకు విడిచిన బంజరు. తుప్పలు, చెట్లు, గుండ్లు గల ఆ నేలపై జింకలు, నెమళ్లు తిరుగుచుండెను. అచట సమాచార సాంకేతిక సంస్థలకు స్థలము కల్పింపవలెనని ప్రభుత్వము తలపెట్టి, మార్చి చివర యంత్రములతో చెట్లు తొలగించుట ప్రారంభించెను. భూమి ఎవరిది, అది అడవియా కాదా యను వివాదము చెలరేగెను. విద్యార్థులు అడ్డుపడిరి. ఉద్యోగములు, రాబడి అను వాదము ఒక వైపు. అది తేలికైన వాదము కాదు, వేలమంది గ్రామీణ యువకులకు అన్నము పెట్టినవి పొరుగుననున్న మేడలే. ఏప్రిలు 3వ తేదీన సుప్రీంకోర్టు తనంతట తానే విషయమును చేపట్టి పనిని ఆపివేసెను. అప్పటికి సుమారు 100 ఎకరములలో చెట్లు పోయినవని కోర్టుకు నివేదిక అందెను. ఏప్రిలు 16వ తేదీన, చెట్లు పోయినందున దెబ్బతిన్న వన్యప్రాణులను పరిశీలించి, వానిని కాపాడుటకు వెంటనే చర్యలు తీసికొమ్మని కోర్టు రాష్ట్ర వన్యప్రాణి సంరక్షణాధికారిని ఆదేశించెను.